సుందరవనాల బావులే

గంగ, బ్రహ్మపుత్ర, మేఘన నదులు సముద్రంలో కలిసేచోట భారత్, బంగ్లాదేశ్‌లలో సుమారు 10,000 చదరపు కిలోమీటర్ల మేర సుందరవనాలు విస్తరించాయి. ఈ మడ అడవుల దీవుల్లోకి తేనెకూ కట్టెలకూ వెళ్లే జట్టును ముందుండి నడిపే పెద్దను బావులే అంటారు. గుణిన్, ఫకీరు అన్న పేర్లూ ఉన్నాయి. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వచ్చే ఆ కాలవల్లో పడవ ఎప్పుడు సాగుతుందో, ఎప్పుడు బురదలో కూరుకుంటుందో అతనికి తెలిసి ఉండాలి.

బావులే పాత్ర వెనుక పాత నమ్మకాలున్నాయి. దక్షిణ బెంగాల్‌లో అడవి కొట్టి ఊళ్లు కట్టించిన పీర్లను (ముస్లిం సాధువులను) జనం పులులను అదుపులో పెట్టగల మహిమాన్వితులుగా కొలిచారు. బాగర్‌హాట్ ప్రాంతాన్ని సాగులోకి తెచ్చిన ఖాన్ జహాన్ అలీ 1459లో మరణించాడు. ఆయన సమాధికి నేటికీ భక్తులు వెళ్తారు. కృష్ణరామ్ దాస్ 1686లో రాసిన రాయమంగళ్ కావ్యం పులుల దొర దక్షిణ రాయ్‌కూ గాజీ పీరుకూ జరిగిన పోరునూ, చివరికి కుదిరిన రాజీనీ వర్ణిస్తుంది.

బావులే పాటించే నియమాలకు ఆధారం అడవి దేవత బొన్‌బీబీ కథ. 19వ శతాబ్దంలో వెలువడిన బొన్‌బీబీ జహురానామా బెంగాలీలోనే ఉన్నా, పుటలు అరబ్బీ పుస్తకంలా కుడి నుంచి ఎడమకు సాగుతాయి. తేనె, మైనం ఆశతో ధోనా అనే వర్తకుడు దుఖే అనే పేద కుర్రాణ్ణి దక్షిణ రాయ్‌కి అప్పగిస్తాడు. బొన్‌బీబీ ఆ పిల్లవాణ్ణి కాపాడుతుంది. అత్యాశ లేకుండా, నిర్మలమైన మనసుతో వచ్చినవారికే అడవిలో రక్షణ అన్నది కథ సారం. హిందువులూ ముస్లింలూ ఆమెను కలిసి కొలుస్తారు.

చైత్రంలో ఖల్సీ చెట్లు పూయగానే తేనె వేట మొదలవుతుంది. బావులే ముందుగా ఒడ్డు దిగి, మంత్రం చదివి, నేల సురక్షితమని తోచాకే జట్టును పిలుస్తాడు. తేనెటీగల వెంట చూపు పైకెత్తి నడిచేవారికి పొదల్లో పులి కనపడదు. వారి ప్రాణాలకు అతని జాగ్రత్తే కాపు. ఆకుల దివిటీ పొగతో ఈగలను తోలి, పిల్లపురుగులున్న భాగాన్ని వదిలి, తేనె ఉన్న భాగాన్నే కోస్తారు. ఆ తెట్టెలో తేనె మళ్లీ నిండుతుంది.

1870ల దశకంలో బ్రిటిష్ ప్రభుత్వం ఈ అడవులను రిజర్వు చేయడంతో ప్రవేశానికి అనుమతి పత్రం తప్పనిసరైంది. భారత్ వైపు 1973లో పులుల అభయారణ్యం, 1984లో జాతీయ ఉద్యానం ఏర్పడ్డాయి. ఉద్యానానికి 1987లో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది. ప్రధాన భాగంలో తేనె సేకరణ నిషిద్ధమైంది. ఎక్కడికి వెళ్లాలి, ఎంతవరకు తీసుకోవాలి అన్న నిర్ణయం బావులే చేతి నుంచి చాలావరకు అటవీశాఖకు మారింది.

ఇప్పుడు పర్యాటకుల పడవల్లో శాఖ అనుమతి పొందిన స్థానిక గైడ్లు దారి చూపుతున్నారు. తేనె జట్లు మాత్రం అనుమతి పత్రం చేతిలో ఉన్నా బొన్‌బీబీని మొక్కే బయలుదేరుతాయి. అడవి నుంచి తీసుకునేదానికి హద్దు ఉండాలని చట్టం కంటే ఎంతో ముందే జనానికి నేర్పినవాడు బావులే. సుందరవనాల చరిత్రలో అతనికి దక్కాల్సిన స్థానం అదే.