క్లోవరు కోరిన వెల

పప్పుజాతి మొక్క పశువునకు మేతయు భూమికి సత్తువయు నొక్కమాఱే యిచ్చుననుట మన రైతులకు క్రొత్త సంగతి కాదు. కృష్ణా గోదావరీ డెల్టాలలో వరికోతల నాటి పదునులోనే పిల్లిపెసర చల్లి, పంట యింటికి చేరిన పిదప దానిని ఎడ్లకు మేపి, మిగిలినదానిని దుక్కిలో కలియదున్నుట వారికి తాతలనాటి యలవాటు. అయితే అట్టి మొక్కను గడ్డితో జతగూర్చి, ఏటేట విత్తకయే మొలచు పచ్చికబయలుగా నిలిపిన చరిత్రలలో దక్షిణ ఆస్ట్రేలియా చరిత్రను మించినది నాకు కానరాదు. అందు నన్ను మిక్కిలి యాకర్షించునది క్లోవరు అను నా పప్పుజాతి మొక్క భూమికి చేసిన దానము కంటె, అందులకు తరతరముగా అది కోరుచు వచ్చిన వెల.

ఆస్ట్రేలియా ఖండపు నేలలు అతిప్రాచీనములు. యుగయుగముల వానలకు సారము కడిగికొనిపోగా భాస్వరము మిక్కిలి కొఱవడినవి. వలస వచ్చిన ఐరోపావారు వానిలో ఎడతెగక గోధుమ వేసి, ఉన్న కొలది సత్తువను సైతము పీల్చివైచిరి. 1880ల దశాబ్దములో రోజ్‌వర్తీ వ్యవసాయ కళాశాల తొలి అధ్యక్షుడైన కస్టన్సు సూపరుఫాస్ఫేటు అను భాస్వరపు టెరువు వాడుడని బోధించెను గాని, ఆ యెరువు గోధుమకే పరిమితమై, గొఱ్ఱెలు మేయు బీళ్లు మాత్రము ఎప్పటివలెనే బక్కచిక్కి యుండెను.

1889వ సంవత్సరమున, అడిలైడు నగరమునకు తూర్పుననున్న మౌంట్ బార్కర్ కొండలలో మొక్కల వ్యాపారము చేసికొనుచుండిన అమోస్ హోవర్డు, పొరుగు పొలములో దట్టముగా అల్లుకొనిన యొక క్లోవరును చూచెను. అది మధ్యధరా తీరదేశములనుండి ఎవ్వరును పిలువకయే వచ్చిన కలుపు. శరత్కాలపు తొలివానకు మొలచి, చలికాలమెల్ల పెరిగి, వసంతమున పూచి, వేసవి ముదరకముందే యెండిపోవును. పూత రాలగనే దాని కాడ నేలకు వంగి, మన వేరుశనగ ఊడవలె, కాయను మట్టిలోనికి దింపును. అందువలన గొఱ్ఱె ఆ మొక్కను మొదలంట మేసినను విత్తనము చాలవఱకు భూగర్భములో భద్రముగా నుండి, మఱుసటి వానకై వేచియుండును. ఇంతకంటె మేతబీడునకు తగిన గుణము వేఱొకటి యుండునా?

దాని విలువను గుర్తించిన హోవర్డు పత్రికలకు లేఖలు వ్రాసి, విత్తనము పోగుచేసి, విక్రయించి, 1930లో మరణించువఱకు ఆ యొక్క మొక్కకే ప్రచారకుడై నిలిచెను. శాస్త్రపరీక్ష లేని యొక సామాన్యుని యీ పట్టుదలను నేను మహాశాస్త్రజ్ఞుల కృషికి ఏమాత్రము తీసిపోనిదిగా నెంచుదును. మట్టిలో దాగిన కాయలను ఏరుట సులభము గాదు; గొఱ్ఱెచర్మము చుట్టిన దొర్లుడుమానులను పొలముపై నడిపి, ఆ ఉన్నికి తగులుకొనిన కాయలను దులిపి తీయుట యొక యుపాయముగా నుండెను.

హోవర్డు ఆ క్లోవరును చూచుటకు మూడేండ్లకు పూర్వమే, 1886లో, జర్మనీలో హెల్రీగెల్, విల్‌ఫార్ట్ అను నిరువురు, పప్పుజాతి మొక్కల వేళ్లయందలి బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారముగా మార్చుచున్నవని వెల్లడించియుండిరి. క్లోవరు వేళ్లును ఆకులును క్రుళ్లి, గొఱ్ఱెల మలమూత్రములు నేలచేరి, ఆ నత్రజని ప్రక్కనున్న గడ్డికి సంక్రమించును. అయితే భాస్వరము లేనిచోట బుడిపెలే సరిగా ఏర్పడవు. సూపరు చల్లిన బీడులోనే క్లోవరు విజృంభించునని తెలిసిన మీదట, "సబ్ అండ్ సూపర్" (అనగా సబ్‌టరేనియన్, లేక భూగర్భ, క్లోవరును సూపరుఫాస్ఫేటును) అను మాట ఆ దేశపు రైతులకు మంత్రమైనది.

భాస్వరమిచ్చినను కొన్ని యెఱ్ఱరాతి నేలలలో క్లోవరు పాలిపోయి గిడసబాఱుచుండెను. ఆండర్సను అను శాస్త్రజ్ఞుడు 1942లో దాని కారణమును బయలుపఱచెను: అచ్చట కొఱవడినది మాలిబ్డినము. ఎకరమునకు ఒకటి రెండు ఔన్సుల ఆ లోహలవణము, అనగా పిడికిట నిముడునంతటిది, చల్లినంతనే బీడంతయు ముదురుపచ్చనైనది. నత్రజనిని పట్టు సూక్ష్మజీవులకు ఆ లోహము లేనిది పని సాగదు. అటులనే "తొంబదిమైళ్ల యెడారి" అని పేరువడిన ప్రాంతమున రాగి, జింకు కలిపిన పిదప పచ్చిక నిలిచి, ఒక బీమా సంస్థ పెట్టుబడితో 1949 మొదలు పొలములు వెలసినవి.

ఇంతలో పశ్చిమ ఆస్ట్రేలియానుండి దుర్వార్త వచ్చెను. క్లోవరే సర్వస్వమైన బీళ్లలో మేసిన గొఱ్ఱెలు చూలు నిలువక గొడ్డుపోవుచుండెను. ఈనినచోట ప్రసవకష్టము వలన తల్లియు పిల్లయు చచ్చుచుండెను. ఆ క్లోవరు ఆకులలో స్త్రీహార్మోనువంటి ప్రభావము గల పదార్థము కలదని 1946 నాటి పరిశోధనలు సూచించినవి. భాస్వరము చాలని నేలలో పెరిగిన క్లోవరులో అది మఱింత హెచ్చునని పిమ్మట తేలినది. ఆ పదార్థము తక్కువగానుండు రకములను శాస్త్రజ్ఞులు పెంపొందింపగా, రైతులు బీడులో గడ్డి పాలు తగ్గకుండ చూచుకొనసాగిరి.

గడ్డికి మఱియొక పనియు కలదు. క్లోవరు కూర్చిన నత్రజనిని వేరులోతుగల బహువార్షిక గడ్డి అందుకొననిచో, అది నైట్రేటుగా మాఱి వానతో క్రిందికి దిగిపోవుచు, ఏండ్లు గడచినకొలది నేలను ఆమ్లభూయిష్ఠము చేయును. ఆ కారణమున దశాబ్దములుగా క్లోవరు నడచిన పొలములపై రైతులు ఫలారిస్ గడ్డిని పెంచుచు, సున్నము చల్లుచున్నారు. ఆమ్లపు మట్టిలో చిక్కుకొని మొక్కకందని మాలిబ్డినమును సైతము ఆ సున్నమే విడిపించి వేళ్లకు చేర్చుచున్నది.