కిరణ్ అబ్బవరం

కిరణ్ అబ్బవరం (జననం: 1992 జులై 15) తెలుగు సినిమా నటుడు, రచయిత. పూర్వపు కడప జిల్లా రాయచోటి ప్రాంతానికి చెందినవాడు. సినీ కుటుంబ నేపథ్యం లేకుండా లఘుచిత్రాల ద్వారా పరిశ్రమలో ప్రవేశించి, 2019లో విడుదలైన 'రాజావారు రాణిగారు' చిత్రంతో కథానాయకుడయ్యాడు. 2021లో స్వయంగా రచించి నటించిన 'ఎస్.ఆర్.కల్యాణమండపం', 2024లో వచ్చిన 'క' ఇతనికి పేరు తెచ్చిన చిత్రాలు.

స్థల నేపథ్యం

రాయచోటి, కమలాపురం, పులివెందుల మొదలైన పూర్వపు కడప జిల్లా ప్రాంతాలు తక్కువ వర్షపాతం గల మెట్ట భూములకు, తరచు వచ్చే కరవులకు నిలయాలు. వ్యవసాయంపై ఆధారపడి బ్రతకడం కష్టమైనందున రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి వేలాది కుటుంబాల వారు కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు పనులకై వలస వెళ్ళడం దశాబ్దాలుగా సాగుతున్నది. ఇంటి నుండి స్త్రీలు సైతం ఇంటిపని నిమిత్తం వెళ్ళడం ఈ వలసలో ఒక ముఖ్య లక్షణం. రాయచోటి పూర్వం కడప జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కొత్తగా ఏర్పడిన అన్నమయ్య జిల్లాలో చేరింది.

కడప జిల్లా నుండి తెలుగు చిత్రరంగానికి వెళ్ళి పేరు పొందిన వారు పూర్వం నుండి ఉన్నారు. ప్రముఖ హాస్యనటుడు బి.పద్మనాభం (జననం: 1931) ఈ జిల్లాలోని సింహాద్రిపురంలో జన్మించాడు. అయితే 1999లో వచ్చిన 'సమరసింహారెడ్డి', 2002లో వచ్చిన 'ఆది', 'ఇంద్ర' వంటి చిత్రాల ఘనవిజయం తరువాత తెరపై రాయలసీమ అనగానే ముఠా కక్షలు, వేటకొడవళ్ళు, నాటుబాంబులు మాత్రమే అన్న అభిప్రాయం స్థిరపడింది. సీమ యాస ఎక్కువగా ప్రతినాయకుల నోట, హాస్యపాత్రల నోట వినిపించేది. కిరణ్ వృత్తిజీవితాన్ని ఈ నేపథ్యంలో చూడవలసి ఉంటుంది.

తొలి జీవితం

కిరణ్ సామాన్య కుటుంబంలో జన్మించాడు. తల్లి కూలిపని చేసేదని, పిల్లలను చదివించడం కోసం కువైట్ వెళ్ళి పనిచేసిందని 2024 అక్టోబరులో 'క' చిత్ర ప్రచార సభలో ఇతడు వెల్లడించాడు. ఇంజనీరింగు చదివి కొంతకాలం ఉద్యోగం చేశాడు. సినిమాలపై ఆసక్తితో లఘుచిత్రాలలో నటిస్తూ, తరువాత ఉద్యోగం మాని పూర్తిగా నటనకు అంకితమయ్యాడు.

సినీ జీవితం

మొదటి చిత్రం 'రాజావారు రాణిగారు' 2019 నవంబరు 29న విడుదలైంది. దర్శకుడు రవికిరణ్ కోలా. గోదావరి ప్రాంతపు పల్లెలో, మనసులోని ప్రేమను చెప్పుకోలేని యువకుని కథ ఇది. రహస్య గోరక్ కథానాయికగా నటించింది. పెద్ద తారలు లేని చిత్రమైనప్పటికీ సహజమైన పల్లె వాతావరణం, నటన ప్రశంసలు పొందాయి.

రెండవ చిత్రం 'ఎస్.ఆర్.కల్యాణమండపం' 2021 ఆగస్టు 6న విడుదలైంది. దీనికి కథ, చిత్రానువాదం, సంభాషణలు కిరణ్ సమకూర్చాడు. శ్రీధర్ గాదెకు దర్శకునిగా ఇది తొలి చిత్రం. ఒకప్పుడు పెళ్ళిళ్ళతో కళకళలాడిన కల్యాణమండపం తండ్రి తాగుడు వలన పాడుబడగా, చదువుకుంటున్న కొడుకు దానిని తిరిగి నిలబెట్టడానికి పూనుకోవడం ఇందులోని ఇతివృత్తం. తండ్రి పాత్రను సాయికుమార్ పోషించాడు. కథానాయిక ప్రియాంకా జవాల్కర్ అనంతపురానికి చెందినది. చైతన్ భరద్వాజ్ సంగీతం కూర్చిన పాటలలో 'చుక్కల చున్నీ' బాగా ప్రచారం పొందింది. కరోనా రెండవ విడత తరువాత థియేటర్లు అప్పుడే తెరచుకున్న రోజులు అవి. ఆంధ్రప్రదేశ్‌లో సగం సీట్లకే అనుమతి ఉన్నది. విమర్శకుల నుండి మిశ్రమ స్పందన వచ్చినా ప్రేక్షకులు థియేటర్లకు వచ్చి చిత్రాన్ని విజయవంతం చేశారు.

ఈ చిత్రంలో సీమ యాస కథానాయకుని ఇంటిభాష. కథలోని సంఘర్షణ ముఠాకక్ష కాదు, మాటలు కరవైన తండ్రీకొడుకుల మధ్య దూరం. తరువాతి చిత్రాలలో కూడా ఈ ప్రాంతపు ఊళ్ళు కనిపిస్తాయి. 'సెబాస్టియన్ పి.సి.524' (2022) మదనపల్లె నేపథ్యంలో రేచీకటి గల పోలీసు కానిస్టేబుల్ కథ. 'వినరో భాగ్యము విష్ణుకథ' (2023) తిరుపతి నేపథ్యంలో సాగుతుంది. ఈ చిత్రం పేరును కడప జిల్లా తాళ్ళపాకకు చెందిన అన్నమాచార్యుని కీర్తన నుండి గ్రహించారు.

వరుస పరాజయాలు

2022 మార్చి నుండి 2023 అక్టోబరు వరకు, అనగా 20 నెలల కాలంలో, కిరణ్ నటించిన 6 చిత్రాలు విడుదలయ్యాయి. వీటిలో 'వినరో భాగ్యము విష్ణుకథ' మాత్రమే చెప్పుకోదగిన ఆదరణ పొందింది. 'నేను మీకు బాగా కావాల్సినవాడిని' (2022) చిత్రానికి ఇతడు చిత్రానువాదం, సంభాషణలు కూడా వ్రాశాడు. భారీ మాస్ కథానాయకునిగా చూపిన 'మీటర్' (2023) ప్రేక్షకులను ఆకట్టుకోలేదు. 'రూల్స్ రంజన్' (2023) లోని 'సమ్మోహనుడా' పాట ప్రచారం పొందినా చిత్రం నిలువలేదు. ఈ కాలంలో సామాజిక మాధ్యమాలలో ఇతడు పరిహాసానికి గురయ్యాడు. అండ లేని నటునికి ఒక విజయం వెంట అనేక అవకాశాలు వచ్చినపుడు, కథ ఎంపికకు తగిన వ్యవధి లేకపోవడం ఎంతటి ప్రమాదమో ఈ దశ తెలుపుతుంది.

'క' చిత్రం

'రూల్స్ రంజన్' తరువాత సుమారు ఒక సంవత్సరం ఇతని చిత్రమేదీ విడుదల కాలేదు. 2024 అక్టోబరు 31న దీపావళి సందర్భంగా 'క' విడుదలైంది. దర్శకులు సుజీత్, సందీప్. చుట్టూ కొండలున్నందున మధ్యాహ్నానికే చీకటి పడే కృష్ణగిరి అనే ఊరు, ఇతరుల ఉత్తరాలు చదివే అలవాటున్న పోస్ట్‌మన్ అభినయ వాసుదేవ్, ఊరిలో మాయమవుతున్న యువతులు ఈ కథకు ఆధారం. నయన్ సారిక, తన్వి రామ్ కథానాయికలు. సంగీతం సామ్ సి.ఎస్. అదే రోజున 'లక్కీ భాస్కర్', 'అమరన్' వంటి పోటీ చిత్రాలు విడుదలైనప్పటికీ 'క' ఘనవిజయం సాధించింది. ఈ చిత్ర ప్రచార సభలో కిరణ్ తనపై జరిగిన పరిహాసం గురించి, తన కుటుంబపు కష్టాల గురించి ఆవేదనతో మాట్లాడాడు.

2025 మార్చి 14న 'దిల్‌రూబా', అదే సంవత్సరం అక్టోబరు 18న 'కె-ర్యాంప్' విడుదలయ్యాయి. మొదటిది ఆదరణ పొందలేదు. కేరళ నేపథ్యంలోని రెండవ చిత్రం సంభాషణల విషయంలో విమర్శలు ఎదుర్కొన్నా దీపావళి రోజులలో ప్రేక్షకులను రాబట్టింది.

వ్యక్తిగత జీవితం

2021 డిసెంబరులో కిరణ్ అన్న కడప జిల్లాలో జరిగిన రోడ్డు ప్రమాదంలో మరణించాడు. మొదటి చిత్రంలో తన సరసన నటించిన రహస్య గోరక్‌ను కిరణ్ 2024 ఆగస్టు 22న కర్ణాటకలోని కూర్గ్‌లో వివాహం చేసుకున్నాడు. 2025 మే నెలలో వీరికి కుమారుడు జన్మించాడు.

నటించిన చిత్రాలు (2025 వరకు)

2019 - రాజావారు రాణిగారు
2021 - ఎస్.ఆర్.కల్యాణమండపం (రచన కూడా)
2022 - సెబాస్టియన్ పి.సి.524
2022 - సమ్మతమే
2022 - నేను మీకు బాగా కావాల్సినవాడిని (చిత్రానువాదం, సంభాషణలు కూడా)
2023 - వినరో భాగ్యము విష్ణుకథ
2023 - మీటర్
2023 - రూల్స్ రంజన్
2024 - క
2025 - దిల్‌రూబా
2025 - కె-ర్యాంప్