మహలఖా బాయి చందా: బాణీలు దక్కని గజళ్లు

బెర్లిన్‌లో ఫానీ మెండెల్‌సన్ స్వరపరచిన ఆరు పాటలు 1827, 1830లలో తమ్ముడు ఫెలిక్స్ పేరుతో అచ్చయినా, స్వరం కాగితంమీద నిలిచింది గనుక తరువాతివారు వాటిని తిరిగి ఆమె ఖాతాలో వేయగలిగారు. హైదరాబాదు పాతబస్తీ కొలువుల్లో పాడిన మహలఖా బాయి (1768–1824) విషయంలో జరిగింది దీనికి తలకిందులు: పేరూ పదమూ భద్రంగా ఉన్నాయి, పోయింది బాణీ.

రెండవ అసఫ్ జా నిజాం అలీఖాన్ దర్బారులో ఆమె తవాయిఫ్, అంటే ఆటపాటలతోపాటు కవిత్వంలోనూ సభామర్యాదలోనూ ఆరితేరిన కళావంతురాలు. తాన్‌సేన్ వంశీకుడిగా చెప్పే ఖుష్‌హాల్ ఖాన్ వద్ద సంగీతం నేర్చి, ‘చందా’ అనే తఖల్లుస్‌తో, అంటే కలంపేరుతో, ఉర్దూ గజళ్లు రాసింది. జాగీర్లు పొంది, 1792లో మౌలాలీ గుట్ట దిగువన తల్లికి సమాధి మందిరం కట్టించింది. 1798లో సిద్ధమైన ఆమె దీవాన్, అనగా గజళ్ల సంపుటి, 125 గజళ్లతో కూడినది. ప్రతి గజల్‌కూ ఐదేసి షేర్లు, అంటే ద్విపదలు. మక్తా అనే చివరి షేర్‌లో కలంపేరుతోపాటు తరచుగా హజ్రత్ అలీ స్మరణ కనిపిస్తుంది. ఈ ఐదు సంఖ్య ప్రవక్త కుటుంబంలోని ఐదుగురు పవిత్రులకు సంకేతమన్న వ్యాఖ్యానం ఉన్నప్పటికీ, పాడేవారికి ఊపిరి, వినేవారికి ఓపిక చాలే కొలత కూడా అదే కావచ్చు.

ఈ గజళ్లు సభలో పుట్టినవేనని చెప్పడానికి ఒక ప్రతి సాక్ష్యమిస్తుంది. 1799 అక్టోబరు 18న నిజాం కొలువు ప్రముఖుడు మీర్ ఆలం ఇంట నృత్యం సాగుతుండగా, నర్తించినవారిలో ముఖ్యురాలైన ఆమే తన దీవాన్‌ను ఈస్టిండియా కంపెనీ అధికారి కెప్టెన్ జాన్ మాల్కంకు నజరానాగా ఇచ్చినట్టు ఆ ప్రతిమీదే రాసివుంది. అది ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అయితే ఆ రాత్రి ఏ రాగంలో ఏ గజల్ పాడిందో దానిలో లేదు. గురువు ఖుష్‌హాల్ ఖాన్ రాగాలమీద ‘రాగదర్శన్’ అనే గ్రంథమే రాశాడు గాని, శిష్యురాలి పాట మాత్రం గొంతునుంచి గొంతుకు సాగే నేర్పుమీదే ఆధారపడింది. పైగా ఒకే గజల్‌ను వేర్వేరు రాగాల్లో పాడే ఆనవాయితీ ఉండడంతో బాణీ కట్టినవారి పేరు నిలవడానికి ఆస్కారం తక్కువ. తరువాతి కాలపు సంస్కరణవాదం తవాయిఫ్‌ల ఇళ్లను మూయించాక ఆ నేర్పు అందిపుచ్చుకునేవారూ కరువయ్యారు. చరిత్రకారులు ఆమెను కవయిత్రిగానే లెక్కించి సంగీతకర్తగా తలచకపోవడానికి ఇదే మూలం. నేడు ఎవరైనా ఆమె గజల్ పాడితే పదం ఆమెది, బాణీ పాడేవారిది.