ఇంజను బొమ్మ: ఒక పరీక్ష ప్రశ్న చరిత్ర

ఆదివారం నాడు ఆబిడ్స్‌లో దుకాణాలు మూతపడగానే వాటి ముందరి కాలిబాటల మీద పాత పుస్తకాలు పరచుకుంటాయన్న సంగతి హైదరాబాదు చదువరులకు కొత్త కాదు. ప్రబంధాల కోసం వెదుకులాడే నా చేతికి ఈమధ్య ఒక పలుచని పుస్తకం తగిలింది. రహదారి గుర్తులు, నియమాలు, ప్రశ్నలు, జవాబులు. లర్నింగ్ లైసెన్సు పరీక్షకు వెళ్లేవారు చదువుకొనే పొత్తమది. మా వీధి కుర్రవాడొకడు ఆ పరీక్షకు సిద్ధపడుతున్నాడు గనుక కొని తెచ్చాను.

సాయంత్రం పబ్లిక్ గార్డెన్స్‌లో కూర్చుని వానికి పాఠం ఒప్పజెప్పించుకున్నాను. తడుముకోకుండా చెబుతున్నాడు. రైలుపట్టాల గుర్తుల దగ్గర మాత్రం నేనే ఆగిపోయాను.

"గేటు బొమ్మ ఉంటే గేటున్నట్టు, ఇంజను బొమ్మ ఉంటే గేటు లేనట్టు. గట్ల యాదివెట్టుకున్న సార్."

"ఇంజను బొమ్మ కనబడితే ఏం చేస్తావు నాయనా?"

"ఏం జేసుడేంది సార్? గది బిట్లల్ల లేదు."

ముప్పైయేళ్లకు పైగా బడిపిల్లలకు వ్యాకరణం చెప్పినవాణ్ణి. సంధిసూత్రం వల్లించి, పద్యంలో సంధి ఎదురైతే నిలిచిపోయే విద్యార్థులను ఎందరినో చూశాను. అక్కడ పోయేది ఒక మార్కు. ఇక్కడ పోయేది అది కాదు. అందుకే ఆ ఒక్క ప్రశ్న వెనుకనున్న చరిత్రను తిరగవేయాలనిపించింది.

మోటారు బండ్ల రాకపోకలపై 1909లో పారిస్ నగరంలో ఒక అంతర్జాతీయ ఒడంబడిక జరిగింది. దేశదేశాల బండ్లవాళ్లకు భాషతో నిమిత్తం లేకుండా అర్థం కావాలని నాడు నిర్ణయించిన ప్రమాద సూచికలు నాలుగే నాలుగు: గతుకు, మలుపు, కూడలి, రైలుపట్టాల దాటు. అంటే మోటారు ఇంకా బాల్యదశలో ఉండగానే రైలుపట్టా దానికి ప్రాణగండమని లోకం గుర్తించిందన్నమాట.

మన ఊళ్లో ఈ రెండు బండ్లకూ చుట్టరికం ఇంకా దగ్గరిది. నాంపల్లి స్టేషను 1907లో వెలిసింది. 1932లో నిజాం రాజ్యంలో ప్రజల కొరకు బస్సులు ప్రారంభించినది ఎవరో కాదు, రైల్వే సంస్థే. నిజాం స్టేట్ రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలయింది. రైలూ బస్సూ ఒకే ఇంటి బిడ్డలు.

ఇక పరీక్ష సంగతి. బ్రిటనులో 1935 జూన్ 1 నుండి కొత్త చోదకులకు పరీక్ష తప్పనిసరి అయింది. నియమాలపై ప్రశ్నలను బండి నడిపించి చూసిన అధికారే నోటితో అడిగేవాడు. అక్కడ విడిగా సిద్ధాంత పరీక్ష వచ్చింది 1996లో. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుండి అమలయింది. లర్నింగ్ లైసెన్సుకే ఒక ప్రాథమిక పరీక్ష ఉండాలని అది విధించింది. ఆ విధంగా ఈ విషయంలో మనం వారికంటే ఏడేళ్లు ముందున్నాం.

కేంద్ర నియమావళిలోని 11వ నియమం ఈ పరీక్షకు నాలుగు విషయాలను పాఠ్యాంశాలుగా పెట్టింది. గుర్తులు, సిగ్నళ్లు, రహదారి నియమాలు మొదటిది. ప్రమాదం జరిగితే చోదకుని విధులు రెండవది. కాపలా లేని రైలుపట్టాలు దాటేటప్పటి జాగ్రత్తలు మూడవది. దగ్గర ఉంచుకోవలసిన కాగితాలు నాలుగవది. మూడవదానికి మూలం ఆ చట్టంలోనే 131వ సెక్షనులో ఉంది. బండి ఆపాలి. కండక్టరో క్లీనరో ఎవరైనా ఉంటే దిగి, పట్టాల దాకా నడిచి, ఏ వైపునుండీ రైలు రావడం లేదని చూసి, ముందు నడుస్తూ బండిని దాటించాలి. ఎవరూ లేకపోతే చోదకుడే దిగి చూసుకోవాలి. ఇంత స్పష్టమైన వాక్యం చట్టంలో ఉన్నది. ఇంజను బొమ్మకు అసలు అర్థం ఆ వాక్యమే.

2014 జూలై 24 ఉదయం మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని పట్టాలపై బడిపిల్లల బస్సును నాందేడ్–సికింద్రాబాదు పాసింజరు ఢీకొన్నది. పదిమందికి మించి పసివాళ్లు బడికి చేరకుండానే వెళ్లిపోయారు. బడిపంతులుగా బ్రతికినవాడికి ఆ వార్త పత్రికలో చదివి మడిచిపెట్టేది కాదు.

ఆ తరువాత బ్రాడ్‌గేజి మార్గాలన్నిటిలో కాపలా లేని గేట్లను రైల్వేవారు తొలగించారు. 2019 జనవరి నాటికి ఆ పని పూర్తయింది. సంతోషమే. ఇక ఆ ప్రశ్న దేనికని అడిగేవారు ఉండవచ్చు. నాకు మాత్రం అది ఉండడమే మంచిదనిపిస్తుంది. వేసిన గేటు కింద స్కూటరును వంచి దూర్చేవాళ్లను ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం. గేటు కాపలాను పెట్టగలదు గానీ, ఆగి చూసే బుద్ధిని పెట్టలేదు. ఆ బుద్ధిని ముందే పెట్టడం కోసమే పరీక్ష. మద్యం తాగి నడిపి పట్టుబడ్డవారిని కోర్టుకు ముందు గోషామహల్ ట్రాఫిక్ శిక్షణ సంస్థలో కూర్చోబెట్టి హితవు చెబుతారు. అదీ చదువే, కాకపోతే ఆలస్యంగా అబ్బే చదువు.

ఇదంతా మా కుర్రవానికి కథగా చెప్పాను. మాసాయిపేట మాట వచ్చినప్పుడు వాడు పుస్తకం మూసేశాడు. కాసేపాగి అడిగాడు:

"గీ బొమ్మల ఇంజను గిట్లెందుకున్నది సార్? నాంపల్లిల గిసోంటిది నేనెన్నడు సూడలే."

అది ఆవిరి ఇంజను. నాంపల్లి స్టేషనులో అది కనబడక దశాబ్దాలయింది. కొన్ని పాత అక్షరాలు వాడుకలోనుండి పోయినా అర్థాన్ని మోస్తూనే ఉంటాయని వానికి చెప్పాను. ఇరవై ప్రశ్నల పరీక్ష, పన్నెండు సరిగా రాస్తే చాలు. ఈ ఒక్కటి తప్పినా లైసెన్సు వస్తుంది. ఆ మాట కూడా దాచకుండా చెప్పాను.

"రాసినా రాయకున్నా, బండి ఆపుత, దిగి సూస్త సార్," అన్నాడు.

నా పరీక్షలో వాడు నెగ్గాడు.