పామర్ వంశము – నిజాము రాజ్యపు ఋణము

నిజాము రాజ్యమున స్థిరపడిన తొలి ఆంగ్ల కుటుంబములలో పామర్ వారిది మిక్కిలి ప్రసిద్ధము. మూలపురుషుడైన జనరల్ విలియం పామర్ లక్నో, పూనా దర్బారులలో ఈస్టిండియా కంపెనీ పక్షమున మెలగినవాడు. ఉత్తర హిందుస్థానపు ఉన్నతకుల సంజాత ఫైజ్ బక్ష్ బేగమును చేపట్టి, తుదివరకు ఆమెను గౌరవముతో చూచుకొన్నవాడు. వారికి 1780 ప్రాంతమున జన్మించిన విలియం ఇంగ్లండున విద్యనభ్యసించి వచ్చెను. కాని భారతీయ మాతలకు బుట్టిన వారికి కంపెనీ పెద్ద కొలువులు దక్కగూడదని 1791లో వెలువడిన నిషేధముచే అతడు నిజాము సైన్యమున జేరి, పిదప ఆ కొలువును వీడి, హైదరాబాదు రెసిడెన్సీ చేరువనే వర్తకపు కోఠీ నెలకొల్పెను.

గోదావరీ తీరారణ్యముల కలపతో మొదలైన ఆ వ్యాపారము వడ్డీ వ్యాపారముగ మారుటకు చిరకాలము పట్టలేదు. స్వదేశ సంస్థానాధీశులకు ఆంగ్లేయులు అప్పులీయరాదని పార్లమెంటు శాసనముండగా, 1816లో గవర్నరు జనరల్ హేస్టింగ్సు పామర్ కంపెనీకి మినహాయింపు నొసగెను. అతడు పెంచిన కన్యను వివాహమాడిన రంబోల్డు ఆ కంపెనీలో భాగస్వామి! ఆంగ్లేయాధికారుల ఏలుబడిలోనున్న సైన్యమునకు జీతములు చెల్లింప నిజాము పేష్కారు చందూలాల్ నూటికి ఇరువదినాలుగు వంతుల వడ్డీకి అప్పుచేయుచుండగా, 1820లో మరి అరువదిలక్షల ఋణము తోడయ్యెను.

ఈ భారమంతయు తుదకు పల్లెలపై బడెను. ఎలగందల సీమలో, హుస్నాబాదు వంటి మెట్ట ప్రాంతముల చెరువు నీటిని, వాన చినుకును నమ్ముకొని బ్రదుకు రైతునకు పామర్ పేరైనను తెలిసియుండదు. తాలూకాను గుత్తకు బుచ్చుకొన్న తాలూక్‌దారు, ముందుగ దర్బారుకు ముట్టజెప్పిన సొమ్మును రాబట్టుకొనుటకై వచ్చినపుడు మాత్రము ఆ ఋణముయొక్క బరువు తెలిసివచ్చెడిది. రెసిడెంటుగ వచ్చిన మెట్‌కాఫ్ ఈ దుస్థితిని గాంచి, శిస్తు నిర్ణయమును పర్యవేక్షింప ఆంగ్లేయాధికారులను జిల్లాలకు బంపి, పామర్ కోఠీపై యుద్ధము ప్రకటించెను.

ఋణవిమోచనమునకై నిజాము, ఉత్తర సర్కారుల నిమిత్తము ఈస్టిండియా కంపెనీ ఏటేట చెల్లించు ఏడులక్షల పేష్కషును 1823లో సుమారు కోటి పదునారు లక్షలకు శాశ్వతముగ వదలుకొనెను. తెలుగు తీరభూమిపై ఆసఫ్‌జాహీలకు మిగిలియుండిన తుది ఫలమిట్లు ఒక వర్తకుని ఖాతాలో జమయ్యెను. అయినను కోఠీ నిలువలేదు. 1824లో దివాలా తీసెను.

విలియం పామర్ మాత్రము హైదరాబాదును వీడలేదు. వృద్ధురాలైన తల్లియు ఇచ్చటనే అతనియొద్ద నివసించి 1828లో కాలధర్మము నొందెను. అతడు దీర్ఘాయుష్మంతుడై, దివాను సాలార్‌జంగు గుత్త పద్ధతిని రూపుమాపి, 1865లో జిలాబందీ యను జిల్లాల ఏర్పాటుతో జీతగాండ్రైన అధికారులను జిల్లాలకు నియమించుటను గూడ గాంచి, 1867లో కన్నుమూసెను. తన వడ్డీకి ఆధారమైన వ్యవస్థ తన కన్నులయెదుటనే అంతరించినది. కాని నాడు వదలుకొన్న పేష్కషు నిజామునకు మరల దక్కలేదు.