అంగన్‌వాడీల పుట్టుపూర్వోత్తరాలు

మన ఇళ్లలో బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే బిస్మిల్లా చదివించి పలక చేతికివ్వడం తరతరాలుగా వస్తున్న ఆచారం. ఇరుగుపొరుగు హిందూ కుటుంబాలలో అటూ ఇటుగా అదే వయసుకు అక్షరాభ్యాసం జరుపుతారు. అంటే బడి వయసు రాకముందే పిల్లవాడి మీద దృష్టి పెట్టాలన్న సంగతి మన పెద్దలకు ఒకరు చెప్పవలసిన అవసరం లేకపోయింది. అయితే అది సర్కారు బాధ్యత కూడా అనే ఆలోచన మాత్రం మన దేశంలో చాలా ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలోచన వల్ల ఎవరికి ఏ హక్కు కలిగిందో మన సంఘ సభ్యులలో చాలామందికి నేటికీ తెలియదు. "అంగన్‌వాడీ అంటే బీదవాళ్లకు గుడ్లు పంచే చోటు కదా మాస్టర్ సాబ్" అని నన్ను అడిగినవారు చదువుకున్నవారే.

1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా బాలమందిరం తెరిచారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్‌కు ఒక ఆలోచన పట్టుకుంది. ఇలాంటి బడులు కలవారి పిల్లలకేనా, పల్లెల్లో ఉండేవారికి వద్దా అని. 1945లో ఆమె బొంబాయికి ఉత్తరాన, అప్పటి ఠాణా జిల్లాలోని బోర్డీ గ్రామంలో పని మొదలుపెట్టారు. అనుతాయి వాఘ్ ఆమెకు తోడయ్యారు. బడి పెట్టారు గాని బీదల పిల్లలు రాలేదు. ఎలా వస్తారు? తల్లి కూలికి పోతే చంకలో చంటిదాన్ని ఎత్తుకుని ఇంటి దగ్గర ఉండేది ఆ నాలుగైదేళ్ల పిల్లే కదా. అప్పుడు వారు పిల్లలను పిలవడం మానేసి బడినే వాడలోకి తీసుకుపోయారు. ఒకరి ఇంటి ముంగిట చాప పరిచి, చుట్టుపక్కల పిల్లల్ని కూర్చోబెట్టి, గింజలతో, ఆకులతో, మట్టితో ఆటలు ఆడించారు. ముంగిలిని మన ఉర్దూలోనూ ఆంగన్ అనే అంటాము. ఆంగన్‌లో జరిగే బడి కనుక అంగన్‌వాడీ అయింది. తరువాత వారు కోస్‌బాడ్ కొండకు మారి, వార్లీ ఆదివాసీల మధ్య ఇదే పని కొనసాగించారు. పశువులు కాసే పిల్లల కోసం బీడులోనే బడి నడిపిన ఘనులు వారు.

స్వాతంత్ర్యం తరువాత 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటులిచ్చి బాలవాడీలు నడిపించింది. గ్రాంటు వచ్చినన్నాళ్లు నడిచేవి, లేకపోతే మూతపడేవి. అసలు మార్పు 1974లో జాతీయ బాలల విధానం ప్రకటించిన తరువాత వచ్చింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం, అదే ఐసీడీఎస్, దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో ప్రారంభమైంది. మన వైపు అనంతపురం జిల్లా కంబదూరు, ఆదిలాబాదు జిల్లా ఉట్నూరు మొదటి విడతలోనివే. ఒకటి కరువు నేల, ఒకటి గోండుల అడవి. నేడు దేశంలో సుమారు 14 లక్షల కేంద్రాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేల పైచిలుకు, తెలంగాణలో 35 వేల పైచిలుకు.

పథకంలో సేవలు ఆరు: పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధన, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య. ఈ ఆరింటిలో జనానికి కనిపించేది తిండి ఒక్కటే, అందుకే చదువు మాట మరుగున పడిపోయింది. కేంద్రంలో ఒక టీచరు, ఒక ఆయా. వారి పైన సూపర్‌వైజరు, ఆ పైన ప్రాజెక్టుకొక సీడీపీవో. టీచరు స్థానికురాలై ఉండాలన్నది మొదటి నుంచీ ఉన్న నియమం. తొలి రోజుల్లో ఆమెకు ఇచ్చింది మెట్రిక్ పాసైతే నెలకు 150 రూపాయలు, కాకపోతే 100. దాన్ని జీతమని అనలేదు, గౌరవ వేతనమన్నారు. గౌరవం సంగతి ఎలా ఉన్నా వేతనం మాత్రం స్వల్పమే. ఆ అంగన్‌వాడీ అమ్మలకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది 2022లో.

ఇక అర్హత మాట. మొదట్లో పథకాన్ని వెనుకబడిన ప్రాంతాలకే ఇచ్చారు, అందులోనూ అతి బీద కుటుంబాలను ముందు చూసుకోమన్నారు. అందుచేత ఇది కార్డు ఉన్నవాళ్ల పథకమనే అభిప్రాయం స్థిరపడింది. 2001లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ సుప్రీంకోర్టులో వేసిన ఆహార హక్కు కేసు ఆ అభిప్రాయాన్ని తలకిందులు చేసింది. దారిద్ర్యరేఖను ఐసీడీఎస్‌కు అర్హతగా వాడరాదని కోర్టు 2004 అక్టోబరులో స్పష్టం చేసింది. 2006 డిసెంబరు 13న మరో మెట్టు పైకి పోయి, ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండీ కేంద్రం లేని వాడలో ప్రజలు అడిగితే మూడు నెలలలోగా కేంద్రం పెట్టాలని ఆదేశించింది. పల్లెలకే కాదు, పట్నాల మురికివాడలకు కూడా. 2013 ఆహార భద్రతా చట్టంతో ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలకూ, గర్భిణులకూ, బాలింతలకూ అంగన్‌వాడీ ఆహారం చట్టబద్ధమైన హక్కయింది.

కనుక ఆదాయం సర్టిఫికెట్టు అక్కరలేదు, కులం, మతం అడగరు. బిడ్డ వయసు, ఉండే చోటు, ఇవే అర్హతలు. ఇప్పుడు పేర్లు ఫోనులోని పోషణ్ ట్రాకర్‌లో ఎక్కిస్తున్నారు కాబట్టి ఆధార్ అడుగుతారు, అది వేరే సంగతి.

మన విషయానికి వస్తే, 2006 జూన్‌లో ప్రధానమంత్రి ప్రకటించిన కొత్త 15 సూత్రాల కార్యక్రమంలో మొట్టమొదటి అంశమే ఇది. మైనారిటీలు గణనీయంగా ఉన్న ప్రాంతాలకు అంగన్‌వాడీలలో తగిన వాటా ఇవ్వాలన్నారు. మూడవ అంశం ఉర్దూ బోధన. మొదటిదీ మూడవదీ ఒకే కాగితం మీద ఉన్నాయి గాని, రెండూ కలిసే చోటు, అంటే ఉర్దూలో మాట్లాడే అంగన్‌వాడీ, మన మొహల్లాల్లో వెతికినా సులభంగా కనబడదు. ఒకటో తరగతి చెప్పేవాడిగా నేను చూస్తున్నది ఇది: కేంద్రానికి వెళ్లి వచ్చిన పిల్లకు వరుసలో కూర్చోవడం, తన వంతు వచ్చేవరకు ఆగడం, సుద్దముక్క పట్టుకోవడం తెలుస్తుంది. వెళ్లనివాడికి మొదటి మూడు నెలలూ వాటికే పోతాయి. వెళ్లినా అక్కడ చెప్పే పాట అర్థంకాక నోరు మెదపకుండా కూర్చుని వచ్చినవాడు మరో రకం. 2013 నాటి జాతీయ విధానం పసిపిల్లలకు మాతృభాషలోనే నేర్పాలంటోంది. విధానం ఢిల్లీలో ఉంటుంది, టీచరు గల్లీలో ఉంటుంది.

ఇందుకు దారి స్థానికురాలు అన్న నియమంలోనే ఉంది. ఖాళీ పడినప్పుడు ప్రకటన వస్తుంది. మన ఆడపిల్లలు పది పాసై ఇంట్లో కూర్చున్నవారు ఎందరో. కాకపోతే రిజిస్టర్లు తెలుగులో రాయాలి, ఉర్దూ మీడియం పిల్లలు అక్కడే వెనక్కి తగ్గుతున్నారు. ఈ విషయమై మన సంఘం వేసవిలో రెండు నెలలు తెలుగు రాత నేర్పితే డబ్బు పెద్దగా ఖర్చు కాదు.

కొత్త కేంద్రం కోరడం ఇంతకుముందంత తేలిక కాదు. మంజూరైన 14 లక్షల సంఖ్య దాదాపు నిండిపోయింది. పట్నంలో గది అద్దెకు దొరకడం మరో తంటా. అయినా అడగనిదే అసలే రాదు. ముందుగా గల్లీ గల్లీ తిరిగి ఆరేళ్లలోపు పిల్లల జాబితా తయారు చేయాలి: పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు, ఇంటి నంబరు. దగ్గరి కేంద్రం ఎంత దూరమో, మధ్యలో పెద్ద రోడ్డో రైలుపట్టాలో ఉంటే అదీ రాయాలి. తల్లుల చేత సంతకాలు చేయించి అర్జీని సీడీపీవో కార్యాలయంలో ఇవ్వాలి. నకలు మీద తేదీ, ముద్ర తప్పకుండా వేయించుకోవాలి. మూడు నెలల గడువు ఆ తేదీ నుంచే లెక్క.