తూటాలు నీళ్లవుతాయా?

కొన్నేళ్ల క్రితం కుంట దగ్గర ఒక ఊళ్లో మహిమల గుట్టు విప్పే కార్యక్రమం చేశాం. కుంట ఒకప్పటి బస్తర్ జిల్లాలోది, ఇప్పుడు సుక్మా జిల్లా. సగం ఊరికి తెలుగు వచ్చు. కర్పూరం నాలుక మీద వెలిగించాం, విభూతి రాల్చాం. అంతా అయ్యాక ఒక కుర్రాడు వచ్చి, "సార్, మా తాతల కాలంలో గుండాధూర్ తూటాల్ని నీళ్లు చేశాడంటారు. అది కూడా గారడీయేనా?" అని అడిగాడు. "మూఢనమ్మకం తమ్ముడూ" అనేశాను. అతని ముఖం మాడిపోయింది. "అయితే మా తాతలు తెలివితక్కువ వాళ్లా?" అన్నాడు. నాకు వెంటనే జవాబు దొరకలేదు.

ఇంటికొచ్చాక చదివాను. 1905లో వలస ప్రభుత్వం బస్తర్ అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేస్తామంది. పోడు కొట్టకూడదు, వేటాడకూడదు, అడవి సరుకు ఏరకూడదు. పైగా వెట్టి చాకిరీ. 1899-1900లో ఒక కరువు, 1907-08లో ఇంకొకటి. నేతానార్ గ్రామానికి చెందిన గుండాధూర్ పేరు అప్పుడే బయటికొచ్చింది. మామిడి కొమ్మ, మట్టి గడ్డ, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి తిరిగాయి. 1910 ఫిబ్రవరిలో సంతలు దోచారు, అధికారుల ఇళ్లు, పోలీసు స్టేషన్లు తగలబెట్టారు. దీన్నే భూంకాల్ అంటారు. అణచడానికి తెల్లవాళ్లకి మూడు నెలలు పట్టింది.

ఇక తూటా సంగతి. తూటా గీత గీసినట్టు పోదు. గొట్టం దాటిన క్షణం నుంచే కిందికి పడుతూ ఉంటుంది. 300 మీటర్లు పోవడానికి అర సెకను పడితే, ఆ అర సెకనులో అది మీటరు పైనే కిందికి జారుతుంది. అందుకే రైఫిల్ మీద సైటు ఉంటుంది. ఆ కాలపు లీ-ఎన్‌ఫీల్డ్ వెనక సైటు మీద 2000 గజాల దాకా గీతలుండేవి. దూరం అంచనా తప్పి సైటు వేరే గీత మీద పెడితే తూటా తలమీంచి పోతుంది, లేకపోతే కాళ్ల ముందు మట్టిలో దిగుతుంది. చెట్ల మధ్య, కదులుతున్న మనిషి మీద పేలిస్తే చాలా తూటాలు వృథాయే. చప్పుడు మాత్రం అందరికీ వినిపిస్తుంది. తప్పించుకున్నవాడు ఇంటికొచ్చి కథ చెబుతాడు. తగిలినవాడు చెప్పడానికి రాడు. మహిమలన్నీ ఇలాగే బతుకుతాయని మనకి తెలిసిందే.

ఎదుటివాడు విల్లు పట్టుకున్నాడు. వంద గజాలు దాటితే విల్లుతో మనిషిని గురి చూసి కొట్టడం కష్టం. రైఫిల్‌వాడు అంతకు ఎన్నో రెట్లు దూరంలో నిలబడి కాల్చగలడు. బాణం తగలాలంటే ఆ మధ్య దూరమంతా పరుగెత్తాలి. ఏ ధైర్యంతో పరుగెత్తాలి? "నీళ్లవుతాయి" అన్న మాట అక్కడే పుట్టిందని నా అభిప్రాయం.

ఇది బస్తర్ ఒక్కదాని కథ కాదు. 1905లో తూర్పు ఆఫ్రికాలో జర్మన్ల మీద లేచినవాళ్లు మంత్రజలం చల్లుకున్నారు. 'మాజీ' అంటే స్వాహిలీలో నీళ్లు, తిరుగుబాటు పేరే మాజీ మాజీ. ఆ నీళ్లిచ్చిన కింజికిటిలేని మొదట్లోనే ఉరితీశారు, అయినా పోరాటం 1907 దాకా ఆగలేదు. మన మన్యంలో అల్లూరి సీతారామరాజుకి తూటా తగలదని చెప్పుకున్నారు. 1924 మే 7న తూటాతోనే పోయాడు. అడవి బిడ్డలే అమాయకులనుకుంటే, 1918లో లండన్ నాటకశాలలో చుంగ్ లింగ్ సూ అనే గారడీవాడు తూటాని పళ్లెంతో పట్టే ఆట ఆడుతూ, ఆ తూటాకే పోయాడు. అతను చైనావాడే కాదు, రాబిన్‌సన్ అనే అమెరికన్. ఆ మారుపేరుని చదువుకున్న పట్నం జనమే నమ్మారు!

నమ్మకం తప్పు. దాన్ని నమ్మి ఎదురెళ్లిన మనుషులు నిజంగా చచ్చిపోయారు, ఈ విషయంలో నేను మెత్తబడను. కానీ వాళ్ల కోపం తప్పు కాదు. భూంకాల్ తర్వాత రిజర్వు పని కొంతకాలం ఆపారు, ఆ తర్వాత విస్తీర్ణాన్ని 1910కి ముందు అనుకున్నదాంట్లో దాదాపు సగానికి తగ్గించారు. ఆ సగం మంత్రంతో రాలేదు. "మూఢనమ్మకం" అని ఒక్క ముక్కలో తేల్చినప్పుడు నేను ఈ భాగం మింగేశాను.

మరుసటి ఏడాది మళ్లీ వెళ్లినప్పుడు ఆ కుర్రాణ్ణి వెతికి ఇదంతా చెప్పాను. సైటు లెక్క వినడం అతనికి భలే నచ్చింది, నేల మీద పుల్లతో గీయించుకున్నాడు. చివర్లో, "గుండాధూర్ మాత్రం దొరకలేదు కదా సార్, అది మహిమ కాదా?" అన్నాడు. దొరకలేదు, నిజమే. జనం దాచి ఉంటారన్నాను నేను. ఒప్పుకోలేదు. టీ డబ్బులు మాత్రం నన్ను ఇవ్వనివ్వలేదు.